పట్టేసిన క్లచ్ కవరు స్క్రూలు: ఒక ఆర్‌ఎక్స్ 100 ఇంజను మీద పనిముట్ల ఎంపిక

భీమునిపట్నంలో సముద్రానికి దగ్గరగా, రేకుల షెడ్డులో ఏళ్ళ తరబడి కదలకుండా నిలిచిపోయిన ఒక యమహా ఆర్‌ఎక్స్ 100 మా వర్క్‌షాపుకు వచ్చింది. క్లచ్ లీవరు పూర్తిగా నొక్కినా ఇంజను గేరును వదలడం లేదన్నది ఫిర్యాదు. చాలాకాలం నిలిచిన బండిలో క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోవడం మామూలే. గేరు ఆయిలు దించి, కిక్కరు తీసి, కుడివైపు కవరు విప్పితే ప్లేట్లు చేతికి వస్తాయి. కవరును క్రాంక్‌కేసుకు పట్టి ఉంచే ఎం6 స్టార్ స్క్రూలు (6 మిల్లీమీటర్ల మర, తలలో ప్లస్ ఆకారపు గాడి ఉన్నవి) కదిలితే అది పూటలో అయ్యే పని. అవి ఒక్కటీ కదలలేదు. మా దగ్గరికి రాకముందే ఎవరో మామూలు స్క్రూడ్రైవరుతో గట్టిగా ప్రయత్నించారని స్క్రూ తలలను చూడగానే తెలిసింది.

ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో మొదలై 1996లో ఆగిపోయింది. కాబట్టి రంధ్రంలో స్క్రూ తిరిగే మర ఒకటి పాడైతే కేసు మార్చేద్దామనే వెసులుబాటు ఈ బండికి లేదు. యజమాని కూడా అదే అన్నారు: “ఆలస్యమైనా పర్వాలేదు మేస్త్రీ గారూ, కేసు మాత్రం చెడకూడదు.” ఏ స్క్రూకు ఏ పనిముట్టు వాడాం, ఏ వరుసలో వాడాం, చేతికి అందుబాటులో ఉన్నా కొన్నింటిని ఎందుకు ముట్టుకోలేదు అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఈ పనిలో నేను పట్టుకునే సూత్రం ఒకటుంది. స్క్రూ మీద పెట్టిన ప్రతి పనిముట్టూ, అది గెలిచినా ఓడినా, స్క్రూ తలలో కొంత లోహాన్ని తినేస్తుంది. తర్వాత రావలసిన పనిముట్టుకు పట్టు దొరకవలసింది ఆ లోహంలోనే. అందువల్ల ఏది బలమైనది అనే దానికన్నా, ఇది విఫలమైతే తర్వాతి దారి తెరిచి ఉంటుందా అనే ప్రశ్న ముందు వేసుకోవాలి.

స్క్రూల పరిస్థితి

వైరు బ్రష్షుతో తలలు శుభ్రం చేసి, కోసుగా ఉన్న సూదితో గాళ్లలోని మట్టి, గట్టిపడిన నూనె పూర్తిగా గోకి తీశాకే అసలు పరిస్థితి కనిపించింది. ఈ శుభ్రం చేయడాన్ని చాలామంది వదిలేస్తారు. గాడి అడుగున మిల్లీమీటరు మందాన మట్టి పేరుకుని ఉంటే ఎంత ఖరీదైన డ్రైవరైనా పూర్తి లోతుకు దిగదు, దిగనిది జారుతుంది. ఎక్కువ స్క్రూలలో గాడి నిండుగానే ఉంది. రెండింటిలో రెక్కల అంచులు పైకి లేచి, గాడి సగం అరిగింది. కిక్ షాఫ్టు పక్కన గుంటలో దిగి ఉన్న ఒక స్క్రూకు గాడి గుండ్రని గిన్నెలా మారిపోయింది. కవరు కింది అంచున ఉన్న ఇంకో స్క్రూకు తలే లేదు. దాని మిగిలిన ముక్క క్రాంక్‌కేసు ముఖం కన్నా కాస్త లోపలికే తెగి ఉంది.

స్క్రూ ఎందుకు కదలడం లేదో తెలియకుండా పనిముట్టు ఎంచుకోవడం కుదరదు. డిస్క్ బ్రేకు బోల్టుల వంటి వాటిని మరలకు పూసిన లాకింగ్ జిగురు పట్టి ఉంచుతుంది, దానికి వేడే మందు. ఇక్కడ కారణం వేరు. స్క్రూ జింకు పూత వేసిన ఉక్కు, కవరూ కేసూ అల్యూమినియం పోత. ఉప్పుగాలిలోని తేమ మరల సందులోకి చేరి, జింకు పూత కరిగిపోయాక, ఉక్కుకు ఆనుకుని ఉన్న అల్యూమినియం తినివేతకు లోనవుతుంది. అలా పుట్టే తెల్లటి పొడి, తాను పుట్టిన లోహం కన్నా ఎక్కువ చోటు కోరుతుంది. మరల మధ్య ఉన్న ఇరుకు సందులో అది గట్టిపడి స్క్రూను చుట్టూరా నొక్కి పట్టుకుంటుంది. దీనికి తోడు తల కింది ముఖం కవరు మీద ఒరుసుకుని పట్టే బిగువు కూడా ఉంటుంది. విప్పే బలం ఈ రెండు పట్లనూ ఒకేసారి ఓడించాలి. తల తీసేస్తే ఒక పట్టు పూర్తిగా పోతుందన్న విషయం తర్వాత మాకు పనికొచ్చింది.

బలానికి ఉన్న హద్దు కూడా ముందే తెలిసి ఉండాలి. ఇలాంటి కవరులో ఎం6 స్క్రూను బిగించేది సుమారు 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల టార్కుతో, అంటే తిప్పే బలంతో. 8.8 గ్రేడు (ఉక్కు బలాన్ని చెప్పే అంకె) ఎం6కు ప్రమాణం కోరే కనీస తెగే టార్కే 13 న్యూటన్ మీటర్లు. పాత కవరు స్క్రూలు అంత గట్టి గ్రేడు కూడా కావు. అంటే బిగించిన బలానికీ మెడ తెగే బలానికీ మధ్య ఎడం చాలా తక్కువ. పట్టేసిన స్క్రూ మీద పొడుగు పిడి వేసి తిప్పితే అది విడిపోవడం కన్నా తెగిపోయే అవకాశమే ఎక్కువ. కావలసింది నిలకడగా తోసే పెద్ద బలం కాదు, తుప్పు పట్టును పగలగొట్టే చిన్న చిన్న కుదుపులు.

మొనల విషయం

తలల మీద మునుపటి ప్రయత్నపు గీతలు చూస్తే, వాడినది మామూలు ఫిలిప్స్ నంబర్ 2 డ్రైవరని అర్థమైంది. అందులో రెండు పొరపాట్లు ఉన్నాయి. ఎం6 స్టార్ స్క్రూకు కావలసినది నంబర్ 3 మొన, నంబర్ 2 అనేది ఎం3 నుంచి ఎం5 దాకా ఉన్న స్క్రూలకు. నంబర్ 2 మొన ఎం6 గాడిలో దిగుతుంది కాబట్టి సరిపోయిందనే భ్రమ కలుగుతుంది, కానీ రెక్కల పక్కలు గోడలకు ఆనవు, మూలలు మాత్రమే తగులుతాయి.

రెండోది ఇంతకన్నా తరచుగా జరిగేది. జపాన్ డిజైన్లలో వాడే స్టార్ గాడి, ఫిలిప్స్ గాడి పైకి ఒకేలా కనిపించినా ఒకటి కావు. ఫిలిప్స్ మొనలో రెక్కల మధ్య మూలలు గుండ్రంగా ఉంటాయి. జపాన్ ప్రమాణమైన జేఐఎస్ గాడిలో ఆ మూలలు మరింత కోసుగా ఉంటాయి. అందువల్ల ఫిలిప్స్ మొన జేఐఎస్ గాడిలోకి పూర్తిగా దిగకముందే ఎక్కడో ఒకచోట తగిలి ఆగిపోతుంది, తిప్పగానే పైకి ఎగదన్నుకుని వస్తుంది. అలా వచ్చిన ప్రతిసారీ గాడి అంచును కొంత చెక్కుకుని వస్తుంది. జేఐఎస్ మొన మాత్రం ఫిలిప్స్ గాడిలో చాలామటుకు బాగానే కూర్చుంటుంది. చాలా జేఐఎస్ స్క్రూల తల మీద గాడి పక్కన ఒక చిన్న చుక్క ఉంటుంది, అన్నింటికీ ఉండదు. ఈ బండిలో శుభ్రం చేశాక కొన్ని తలల మీద ఆ చుక్క కనిపించింది. మన ఊళ్లలో హీరో హోండా, యమహా, సుజుకీ పాత బండ్లు ఇన్ని తిరుగుతున్నా, జేఐఎస్ మొన ఉన్న డ్రైవరు లేని మెకానిక్ షాపులే ఎక్కువ. అరిగిన స్క్రూ తీసే ప్రత్యేక పనిముట్లు కొనడానికి ముందు, స్క్రూ అరగకుండా చూసే ఈ ఒక్క డ్రైవరు కొనమని అడిగినవాళ్ళందరికీ చెబుతాను.

నిండు గాళ్లకు ఇంపాక్ట్ డ్రైవరు

గాడి నిండుగా ఉన్న స్క్రూల తలల చుట్టూ గ్రీజుతో చిన్న గట్టు కట్టి, అందులో పెనెట్రేటింగ్ ఆయిలు నింపి రాత్రంతా వదిలేశాం. ఈ ఆయిలు మీద ఆశలు పరిమితంగానే పెట్టుకోవాలి. ఇనుప తుప్పులోకి అది బాగా పాకుతుంది, అల్యూమినియం తెల్లపొడిని మాత్రం కరిగించదు. పైగా అందరూ వాడే మామూలు డబ్ల్యూడి-40 డబ్బా ప్రధానంగా తేమను తరిమే ద్రవం. బిగుసుకున్న మరల కోసం ఆ తయారీదారులే వేరుగా పెనెట్రెంట్ రకం అమ్ముతున్నారు.

మర్నాడు ఇంజను కింద చెక్కదిమ్మ పెట్టి, సుత్తితో కొట్టే చేతి ఇంపాక్ట్ డ్రైవరు తీసుకున్నాం. కొట్టిన దెబ్బను లోపలి వాలుగాడి కొంత మలుపుగా మారుస్తుంది. దెబ్బ పడిన క్షణంలోనే మొనను గాడిలోకి అదిమేస్తుంది కూడా. తిప్పే బలం, అదిమే బలం ఒకే క్షణంలో రావడం వల్ల మొన ఎగదన్నుకుని పైకి వచ్చే అవకాశం ఉండదు. చేత్తో ఈ రెండింటినీ ఒకేసారి అంత గట్టిగా ఇవ్వడం ఎవరికీ సాధ్యం కాదు. దిశను విప్పే వైపు పెట్టి, నంబర్ 3 జేఐఎస్ బిట్టు గాడిలో నిటారుగా కూర్చోబెట్టి, డ్రైవరు పిడిని విప్పే వైపు తిప్పి పట్టుకుని లోపలి సడలింపు తీసేశాక, కేజీ సుత్తితో పొట్టిగా, గట్టిగా కొట్టాలి. పట్టు వదిలిన స్క్రూ ‘టిక్’మని చిన్న శబ్దం చేస్తుంది. ఆ శబ్దం తర్వాత వాడవలసింది మామూలు డ్రైవరే. నిండు గాడి ఉన్న స్క్రూలన్నీ ఇలాగే వచ్చాయి.

బ్యాటరీ ఇంపాక్ట్ డ్రైవరు బల్ల మీదే ఉన్నా ముట్టుకోలేదు. వందకు పైగా న్యూటన్ మీటర్లు ఇవ్వగల యంత్రం, 13 దగ్గర తెగే స్క్రూ మీద పెడితే మధ్యలో ఆగేది యంత్రం కాదు. అనుభవం ఉన్న చేతికి ట్రిగ్గరు మీద అదుపు ఉండవచ్చు, కానీ పట్టేసిన ఎం6 మీద ఆ అదుపును నమ్ముకోవలసిన అవసరమే లేదు.

సగం అరిగిన రెండు స్క్రూలకు దీనికి ముందు ఒక మెట్టు చేర్చాం. చదును ముఖం ఉన్న పంచును తల మీద ఆనించి నిటారుగా కొట్టి, పైకి లేచిన అంచులను గాడిలోకి వెనక్కి నొక్కాం. తర్వాత కొత్త బిట్టును సుత్తితో గాడిలోకి దింపితే, నొక్కుకుపోయిన లోహంలో అది తన ఆకారాన్ని మళ్ళీ అచ్చు వేసుకుంది. గాడిలో వాల్వ్ గ్రైండింగ్ పేస్టు కొంచెం పూస్తే దానిలోని గరుకు రేణువుల వల్ల పట్టు ఇంకాస్త పెరుగుతుంది. పంచు దెబ్బ చేసే మేలు ఇంకొకటి కూడా ఉంది, అది మరల మధ్య గట్టిపడిన పొడిని అదిరిస్తుంది. రెండూ ఇంపాక్ట్ డ్రైవరుకే లొంగాయి. గాడికీ మొనకూ మధ్య రబ్బరు బ్యాండు పెట్టి తిప్పమనే చిట్కా బాగా ప్రచారంలో ఉంది. చెక్కలో వదులుగా ఉన్న స్క్రూకు అది పనికి రావచ్చు. లోహంలో పట్టేసిన మరకు మాత్రం, మొన పూర్తి లోతుకు దిగకుండా అడ్డుపడి అది చెరుపే చేస్తుంది.

వేడి ఎప్పుడు, ఎలా

‘అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి వేడి చేస్తే వదులవుతుంది’ అన్నది సగం నిజం. డిగ్రీకి మీటరుకు అల్యూమినియం సుమారు 23 మైక్రాన్లు, ఉక్కు సుమారు 12 మైక్రాన్లు పెరుగుతాయి. 100 డిగ్రీలు వేడెక్కితే 6 మిల్లీమీటర్ల రంధ్రానికీ స్క్రూకూ మధ్య వచ్చే ఎడం సుమారు 0.007 మిల్లీమీటరు. చిన్నదే అయినా పొడి పట్టును చిట్లించడానికి చాలు. కానీ తల ఇంకా కవరును నొక్కి పట్టుకుని ఉన్నప్పుడు ఇంకో సంగతి జరుగుతుంది. తల కింద ఉన్న సుమారు 35 మిల్లీమీటర్ల అల్యూమినియం మందం, అదే పొడవున్న స్క్రూ కన్నా 0.04 మిల్లీమీటరు దాకా ఎక్కువ పెరగాలని చూస్తుంది, పెరిగే చోటు లేక స్క్రూను సాగదీస్తుంది. అంటే మర దగ్గర వదులవుతున్న సమయంలోనే తల కింద బిగువు పెరుగుతోంది. అందుకే తల ఉన్న స్క్రూను మేము వేడిగా ఉండగా తిప్పం. హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేసి, పెనెట్రేటింగ్ ఆయిలు అంటించి, చేయి ఆనించగలిగేంత చల్లారాక కొడతాం. తల పోయిన స్క్రూకు ఈ ఇబ్బంది లేదు, దాన్ని వేడి మీదే తిప్పాలి.

గ్యాసు మంటతో వేడి చేయిద్దామన్న ఆలోచన యజమానికి వచ్చింది, నేను ఒప్పుకోలేదు. పక్కనే కిక్ షాఫ్టు ఆయిల్ సీలు ఉంది. మామూలు నైట్రైల్ రబ్బరు 120 డిగ్రీలు దాటితే ఎక్కువకాలం నిలవదు. మంట ఎక్కడ ఎంత వేడి ఇస్తోందో కంటికి తెలియదు, అల్యూమినియం కరిగే ముందు ఎర్రబడి హెచ్చరించదు. గన్ వాడినా సరే, పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టాక, ఆయిలు తుడిచాకే వాడాలి.

గుంటలోని స్క్రూ

గాడి గిన్నెలా మారిన స్క్రూ బయటికి కనిపించే చోట ఉండి ఉంటే దారి సులువుగానే ఉండేది. తల అంచు మీద ఉలితో చిన్న గాటు పెట్టి, విప్పే దిశలో ఏటవాలుగా కొడితే పాన్ హెడ్ స్క్రూలు తరచుగా తిరుగుతాయి. పాత మేస్త్రీల పద్ధతి ఇది, దాని మీద నాకు ఈ రోజుకీ గౌరవం ఉంది. కానీ ఈ తల గుంటలో ఉంది. ఉలికి వాలు దొరకదు, గ్రిప్ ప్లయరు దవడలు పట్టవు. జారితే కవరు గోడ చిట్లుతుంది.

అందుకే తలను డ్రిల్ చేసి తీసేయాలని నిర్ణయించాం. గిన్నెలా మారిన గాడి డ్రిల్లుకు మధ్యబిందువును తానే చూపిస్తుంది, అది ఇక్కడ కలిసొచ్చిన సంగతి. 3 మిల్లీమీటర్ల హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) బిట్టుతో మొదలుపెట్టి, తర్వాత 5, చివరికి 6.5 వాడాం. వేగం తక్కువ, కటింగ్ ఆయిలు ధారాళం, లోతు తల మందం వరకే. 6.5 బిట్టు తల అడుగుకు చేరగానే తల ఉంగరంలా తెగి బిట్టుతోపాటు తిరగడం మొదలుపెట్టింది. మిగతా స్క్రూలు అప్పటికే వచ్చేశాయి కాబట్టి రబ్బరు సుత్తితో నాలుగు వైపులా తట్టగానే కవరు దాన్ని సరైన చోట నిలిపే డోవెల్ పిన్నుల మీద నుంచి కదిలింది. కవరు వచ్చాక క్రాంక్‌కేసు నుంచి స్క్రూ కాడ పొడుగ్గా నిలబడి ఉంది. తల కింది ఒరిపిడి పూర్తిగా పోయింది. కేసు బాస్‌ను (స్క్రూ రంధ్రం చుట్టూ ఉన్న మందపాటి భాగాన్ని) గన్‌తో వేడి చేసి, గ్రిప్ ప్లయరుతో కాడను కేసుకు వీలైనంత దగ్గరగా పట్టి, ముందు కాస్త బిగించే వైపు, తర్వాత విప్పే వైపు, అలా ఇటూ అటూ ఆడిస్తే తెల్లపొడి రాలుతూ కాడ బయటికి వచ్చింది. ఒకే దిశలో లాగితే ఆ పొడి మరల మధ్యే ముద్దగా మారి మళ్ళీ పట్టేస్తుంది.

తెగిన ముక్క

అసలు కష్టం తల లేని స్క్రూ. ఇలాంటప్పుడు అందరూ ముందు చేయి చాపేది ఎడమ మరల ఎక్స్‌ట్రాక్టరు కోసం, షాపుల్లో ఈజీ అవుట్ అనేది అదే. ముక్కలో రంధ్రం చేసి దీన్ని లోపలికి దింపి విప్పే వైపు తిప్పుతారు. ఎం6 ముక్కలో దానికి చేయగల రంధ్రం సన్నం, కాబట్టి దిగే ఎక్స్‌ట్రాక్టరూ సన్నగానే ఉంటుంది. గట్టిపరచిన ఉక్కు కావడం వల్ల అది వంగదు, పుటుక్కున విరుగుతుంది. మొన లోపలికి కూరుకునే కొద్దీ ముక్కను పక్కలకు ఒత్తి మరలను ఇంకా బిగిస్తుంది కూడా. విరిగిన ఎక్స్‌ట్రాక్టరును హెచ్‌ఎస్‌ఎస్ డ్రిల్లు కొరకలేదు. ఆ తర్వాత కార్బైడు బర్రు పెట్టి ఓపికగా అరగదీయాలి, లేదంటే ఇంజను మొత్తం విప్పి కేసును స్పార్క్ ఎరోషన్ మెషిన్ (విద్యుత్ మెరుపులతో లోహాన్ని కొరికే యంత్రం) ఉన్న టూల్ రూముకు పంపాలి. విఫలమైతే మిగతా దారులన్నీ మూసేసే పనిముట్టు ఇది. ఎం8, ఎం10 సైజుల్లో, తుప్పు పట్టకుండా కేవలం తల తెగిన బోల్టుకు నేనూ దాన్ని వాడతాను. తినివేతతో పట్టేసిన ఎం6కు వాడను.

ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగు చేసి తిప్పడం మంచి పద్ధతి. ఉక్కు వెల్డు అల్యూమినియానికి అతకదు, పైగా ఆ వేడి మరను వదులు చేస్తుంది. ముక్క కేసు ముఖంతో సమానంగానో పైకో ఉండి ఉంటే మొదట అదే చేసేవాళ్ళం. లోపలికి దిగిన సన్నని ముక్క మీద టిగ్ వెల్డింగుతో లోహం పేర్చుకుంటూ రావాలి, చేయి తిరిగిన వెల్డరు కావాలి. దాన్ని చివరి దారిగా దాచిపెట్టుకున్నాం.

ఎంచుకున్నది ఎడమ తిరుగుడు డ్రిల్ బిట్లు. ఇవి విప్పే దిశలోనే తిరుగుతూ కోస్తాయి కాబట్టి కోత బలమే ముక్కను విప్పాలని చూస్తుంది, విప్పకపోయినా కావలసిన రంధ్రం తయారవుతుంది. ఇక్కడ ప్రాణం మధ్యబిందువు. తెగిన ముఖం ఏటవాలుగా ఉండడం వల్ల డ్రిల్లు మెత్తటి అల్యూమినియం వైపు జారితే మర పోయినట్టే. అందుకని లేతు మీద ఒక చిన్న బుష్షు (గొట్టం ముక్క) తీయించాం. దాని బయటి వ్యాసం కవరు స్క్రూ రంధ్రంలో ఆడకుండా కూర్చునేంత, లోపలి రంధ్రం సరిగ్గా 3 మిల్లీమీటర్లు. కవరును మళ్ళీ డోవెల్ పిన్నుల మీద ఎక్కించి, రెండు స్క్రూలతో తాత్కాలికంగా బిగించి, ఆ బుష్షులోంచి డ్రిల్ చేస్తే కవరే జిగ్గుగా, అంటే డ్రిల్లుకు దారి చూపే పనిముట్టుగా పనిచేసింది. రంధ్రం ముక్క నడిమధ్యన పడింది. కవరు తీసి, గేరుబాక్సు వైపు తెరుచుకున్న చోటంతా గ్రీజు పూసిన గుడ్డతో మూసి, 4 మిల్లీమీటర్ల బిట్టుకు పెంచాం. బిట్టు రెండుసార్లు పట్టుకుని కుదిపినా ముక్క తిరగలేదు. ఎం6 మర కోయడానికి ముందు చేసే రంధ్రం (ట్యాపింగ్ డ్రిల్లు) సైజు 5 మిల్లీమీటర్లు కాబట్టి అంతవరకూ వెళ్ళాం. గోడ పల్చబడి ముక్క స్ప్రింగు తీగలా మాత్రమే మిగిలింది. ఆ తీగ మొదలును గీతల సూదితో లోపలికి వంచి పట్టకారతో చుట్టలు చుట్టలుగా లాగాం. మర కోసే ఎం6 ట్యాపును అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ మరను శుభ్రం చేశాక, పైన ఒకటిన్నర చుట్టు తప్ప మర ఆరోగ్యంగా కనిపించింది. రంధ్రం పాత స్క్రూ కన్నా లోతుగా ఉందని తీగతో కొలిచి, అక్కడికి పాతదాని కన్నా 5 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్న స్క్రూ ఎంచుకున్నాం. మర ఇంకా తినేసి ఉంటే హెలికాయిల్ (పాడైన మర స్థానంలో దింపే తీగ చుట్ట) వేయవలసి వచ్చేది.

తిరిగి బిగించేటప్పుడు

పాత స్టార్ స్క్రూల స్థానంలో అలెన్ స్క్రూలు (తలలో ఆరు పలకల గుంట ఉన్నవి) వేయడం మంచిదే. స్టీలు మెరుపు కోసం స్టెయిన్‌లెస్ రకం వేయమని చాలామంది అడుగుతారు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో నేను వేయను, ఎందుకంటే దాని పక్కన అల్యూమినియం తినివేత ఇంకా ఎక్కువ. జింకు పూత ఉన్న మామూలు 8.8 అలెన్ స్క్రూలకు మరల మీద పల్చగా యాంటీ సీజ్ (మర పట్టేయకుండా పూసే పేస్టు) పూసి వేశాం. పూత ఉన్న మర సులువుగా తిరుగుతుంది కాబట్టి అదే టార్కుకు బిగువు ఎక్కువ వస్తుంది. అందువల్ల 8 న్యూటన్ మీటర్ల దగ్గరే ఆపాం. 5 మిల్లీమీటర్ల అలెన్ కీ చేతిలో ఉంటే అల్యూమినియం మరను పీకేయడం తేలిక, టార్కు రెంచి లేకుంటే కీని పొట్టి వైపు పట్టుకుని తిప్పాలి.

చిన్న షాపు పెట్టుకున్న కుర్రాళ్లు ఏది ముందు కొనాలని అడుగుతుంటారు. జేఐఎస్ నంబర్ 2, నంబర్ 3 డ్రైవర్లు, చేతి ఇంపాక్ట్ డ్రైవరు, దానికి విడి నంబర్ 3 బిట్లు, మంచి గ్రిప్ ప్లయరు మొదట. హాట్ ఎయిర్ గన్, ఎడమ తిరుగుడు డ్రిల్ బిట్లు, ఎం5, ఎం6 ట్యాపులు తర్వాత. పాడైన స్క్రూలన్నీ క్షణంలో తీస్తుందని చెప్పి అమ్మే రెండు మొనల కిట్లను నేను చెక్క స్క్రూలకు, రేకు స్క్రూలకు మించి నమ్మను. బిట్టు మాత్రం ఎప్పుడూ కొత్తది చేతిలో ఉండాలి. ఈ పని ముగిసేసరికి మేము వాడిన నంబర్ 3 బిట్టు రెక్కల మూలలు గుండ్రబడ్డాయి. అలాంటి బిట్టును మళ్ళీ పెట్టెలో వేస్తే తర్వాతి బండి స్క్రూను పాడుచేసేది అదే. దాని మొనను గ్రైండరు మీద చదును చేసి, లేచిన అంచులను నొక్కే పంచుగా బల్ల మీద పెట్టుకున్నాం.